తిండికి తిండి పెట్టాలి!

కుక్కను పెంచేవాళ్ళు దానికి ఇంత అన్నం పెడతారు. ఆవుకు గడ్డి, తవుడు, తెలకపిండి పెడతారు. కోళ్ళకు నూకలు చల్లుతారు. మరి ఒక తొండను పెంచవలసి వస్తే ఏం పెట్టాలి?

తొండ ముందు అన్నం మెతుకులు చల్లితే అది కన్నెత్తి చూడదు. చచ్చిన ఈగను వేసినా చాలాసార్లు పట్టించుకోదు. దాని కంటికి కదిలేదే తిండి. రాత్రిపూట దీపం దగ్గర గోడమీద ఉండే బల్లిని గమనించండి. పురుగు కదలకుండా వాలినంతసేపూ బల్లీ కదలదు. పురుగు ఒక్క అడుగు వేసిందా, బల్లి ఒక్క ఉదుటున దానిమీద పడుతుంది. అంటే బల్లులు, తొండలు వంటి సరీసృపాలను పెంచాలంటే బతికి ఉన్న పురుగులు కావాలి. ఈ రోజుకు కావాలి, రేపటికి కావాలి, ఏడాది పొడుగునా కావాలి.

ప్రపంచంలోని అనేక జంతు ప్రదర్శనశాలల్లో ఇది రోజూ ఎదురయ్యే సమస్యే. యూరప్, అమెరికా దేశాల్లో ఇళ్ళలో కూడా సరీసృపాలను పెంచుతారు. అక్కడ ఎక్కువగా కనిపించేవి రెండు. మొదటిది ఆస్ట్రేలియాకు చెందిన గడ్డపు తొండ. బెదిరినప్పుడు గొంతుకింద ముళ్ళ చర్మాన్ని గడ్డంలా ఉబ్బిస్తుంది కనుక దానికి ఆ పేరు. మన కంచెల మీద తిరిగే తొండ, అదీ ఒకే కుటుంబానికి చెందినవి. రెండోది చిరుత బల్లి. ఒంటినిండా చిరుతపులికి ఉన్నట్టు మచ్చలుంటాయి. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాల్లోని రాతి నేలలు దీని సొంత ఊరు.

వీటికోసం పురుగులను పెంచడం పెద్ద పనేముంది, డబ్బాలో వేసి మూత పెడితే సరి అనుకుంటారు చాలామంది. కాని అలా చేసిన డబ్బాలో వారం తిరిగేసరికి సగం పురుగులు చచ్చి, కంపు కొడుతూ ఉంటాయి. మిగిలిన సగం తిన్న బల్లి కూడా క్రమంగా నీరసించి, కాళ్ళు వంకర పోయి, చివరికి లేవలేని స్థితికి రావచ్చు. రోజూ కడుపునిండా తింటూనే అలా ఎందుకయింది? ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకుందాం. ఆ జవాబులో జీవశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, కొద్దిగా లెక్కలూ ఉన్నాయి.

ఇద్దరు ముఖ్యమైన వాళ్ళు

మేతకోసం పెంచే పురుగుల్లో మొదటిది కీచురాయి. దీన్నే మన పల్లెల్లో ఇలకోడి అని కూడా అంటారు. రాత్రిళ్ళు గోడ పగుళ్ళలోంచి ఆగకుండా కీచుమనే పురుగు అదే. అరిచేది మగదే. నోటితో కాదు, ముందు రెక్కలు రెండూ ఒకదానితో ఒకటి రాసి ఆ శబ్దం చేస్తుంది. వినే చెవులేమో ముందు కాళ్ళ మీద ఉంటాయి! ఆడదానికి వెనకవైపు సూదిలాంటి పొడవైన గొట్టం ఉంటుంది. దానిని తడిమట్టిలో గుచ్చి గుడ్లు పెడుతుంది. దాదాపు 30 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో 10 నుంచి 14 రోజుల్లో గుడ్లు పొదగబడి చీమంత పిల్లలు బయటికి వస్తాయి. ఇవి చూడడానికి తల్లిలాగే ఉంటాయి, రెక్కలు మాత్రం ఉండవు. వీటినే శాబకాలంటారు. అవి చాలాసార్లు కుబుసం విడిచి, 6 నుంచి 8 వారాల్లో పెద్దవవుతాయి. ఆ తరువాత బతికేది మరికొన్ని వారాలే.

రెండోది ధాన్యపు పొట్టులో పెరిగే ఒక పురుగు. వ్యాపారంలో మీల్‌వార్మ్ అంటారు. మనం పొట్టుపురుగు అని పిలుచుకుందాం. పసుపు గోధుమరంగులో, నున్నగా, రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. నిజానికి ఇది పూర్తి కీటకం కాదు, ఒక నల్లని పెంకుపురుగు తాలూకు డింభకం. గుడ్డు, డింభకం, ప్యూపా, పెంకుపురుగు - ఇలా నాలుగు దశల సంపూర్ణ రూపవిక్రియ దీనిది. సీతాకోకచిలుకకు ఉన్నట్టే అన్నమాట. కీచురాయికి ప్యూపా దశ లేదు కనుక దానిది అసంపూర్ణ రూపవిక్రియ. పాఠంలో చదువుకున్న ఈ తేడా పెంపకంలో ఎంత ముఖ్యమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పురుగు బతకాలంటే

పురుగుకు కావలసినవి అయిదు. వేడి, గాలి, నీరు, చోటు, తిండి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదట వేడి. కీటకాలు మనలాగా ఒంట్లో వేడిని ఒకే స్థాయిలో నిలుపుకోలేవు. బయట ఎంత వేడి ఉంటే వాటి శరీరంలో రసాయన చర్యలు అంత వేగంగా జరుగుతాయి. ఈ సంగతి ఎంత కచ్చితంగా పనిచేస్తుందో 1897లో ఆమోస్ డాల్బేర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. కీచురాళ్ళ అరుపులు లెక్కపెట్టి ఆ రాత్రి ఉష్ణోగ్రత చెప్పవచ్చన్నాడు! అమెరికాలో చెట్లమీద ఉండే ఒక రకం కీచురాయి 8 సెకన్లలో ఎన్నిసార్లు అరిచిందో లెక్కించి, దానికి 5 కలిపితే దాదాపుగా సెంటీగ్రేడ్ డిగ్రీలు వస్తాయి. అన్ని జాతులకూ ఇదే లెక్క సరిపోదు. కాని వేడి పెరిగితే అరుపుల వేగం పెరగడం మాత్రం అన్నిటికీ ఉన్నదే. అరుపు మాత్రమే కాదు, తినడం, పెరగడం, గుడ్లు పెట్టడం - అన్నీ అలాగే. అందుకే కీచురాళ్ళను 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచుతారు. చలిదేశాల్లో దీనికోసం పెట్టె దగ్గర చిన్న దీపం పెడతారు. మనకు వేసవిలో ఇబ్బంది తలకిందులు. 40 డిగ్రీలు దాటే మే నెల ఎండల్లో ఏ పురుగుల పెట్టెనైనా నీడలో, గాలి ఆడేచోట ఉంచకపోతే ఒక్క మధ్యాహ్నంలో అన్నీ పోతాయి.

ఇక గాలి. కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. శరీరం పక్కల ఉండే చిన్న చిన్న శ్వాసరంధ్రాల ద్వారా గాలి లోపలికి పోయి, వాయునాళాల గుండా ప్రతి కణానికీ చేరుతుంది. మూత బిగించిన డబ్బాలో మరో ప్రమాదం కూడా ఉంది. పురుగుల విసర్జనలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. అది పొడిగా ఉన్నంతవరకు ఏమీ చేయదు. తడి తగిలిందంటే సూక్ష్మజీవులు దానిమీద పనిచేసి అమ్మోనియాను పుట్టిస్తాయి. ముక్కు మండించే ఆ వాయువు డబ్బాలోనే నిలిచిపోతే పురుగులకు విషమవుతుంది. కనుక పెట్టె మూతలో పెద్ద కంత కోసి సన్నని లోహపు జల్లెడ అతికిస్తారు. నైలాన్ వల అయితే కీచురాళ్ళు కొరికి బయటపడతాయి. పెట్టె గోడలు నున్నగా ఉంటే చాలు, ఇంట్లో ఉండే రకం కీచురాయి వాటిమీద పాకలేదు.

నీటి సంగతి విచిత్రమైనది. నీళ్ళు లేకపోతే కీచురాళ్ళు రెండు మూడు రోజుల్లోనే చావడం మొదలవుతుంది. పోనీ అని గిన్నెలో నీళ్ళు పెడితే అందులో పడి చస్తాయి! పిల్ల కీచురాయి అయితే ఒక్క చుక్కలోనే మునిగిపోతుంది. నీటిచుక్క ఉపరితలానికి ఉండే తలతన్యత దానికి బంకలాగా పట్టుకుంటుంది. అందుకని తడిపిన దూదిగాని, స్పంజి ముక్కగాని పెడతారు. క్యారెట్, గుమ్మడి, బంగాళాదుంప ముక్కలు పెట్టినా సరే. అవి నీరూ ఇస్తాయి, తిండీ ఇస్తాయి. అయితే మిగిలిన ముక్కలు బూజు పట్టకముందే మర్నాడు తీసివేయాలి.

చోటు అంటే నేల వైశాల్యం మాత్రమే కాదు. కోడిగుడ్లు పెట్టే అట్టలు చూశారా? వాటిని పెట్టెలో నిలువుగా పేరుస్తారు. ఆ గుంటల్లో, మిట్టల్లో వందలకొద్దీ కీచురాళ్ళు ఒకదానికొకటి తగలకుండా దాక్కుంటాయి. పెట్టె పరిమాణం పెరగలేదు, ఉపరితల వైశాల్యం పెరిగింది. ఇది ఎందుకంత అవసరం? కుబుసం విడిచిన కీచురాయి కొన్ని గంటలపాటు తెల్లగా, మెత్తగా ఉంటుంది. చోటు ఇరుకైనా, నీరు చాలకపోయినా, మాంసకృత్తులు తక్కువైనా పక్కనున్నవి దాన్ని తినేస్తాయి. డబ్బాలో కాళ్ళు, రెక్కలు మాత్రమే మిగిలి కనిపిస్తే అక్కడ ఈ మూడింట్లో ఏదో ఒక లోటు ఉన్నదని అర్థం.

మిగిలింది తిండి. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

కడుపు నిండినా ఎముక కరుగుతుంది

బల్లికి మనలాగే ఎముకలున్నాయి. ఎముకకు గట్టితనమిచ్చేది కాల్షియం, భాస్వరం కలిసి ఏర్పడిన లవణం. పెరిగే సరీసృపానికి తిండిలో భాస్వరం ఎంత ఉంటుందో కాల్షియం కూడా కనీసం అంత ఉండాలి. రెట్టింపు ఉంటే మరీ మంచిది.

మరి పురుగులో ఎంత ఉంది? కీటకానికీ అస్థిపంజరం ఉంది. కాని అది లోపల కాదు, బయట ఉంటుంది. పైగా అది కాల్షియంతో కట్టింది కాదు. కైటిన్ అనే పదార్థం, మాంసకృత్తులు కలిసి ఆ కవచాన్ని తయారుచేస్తాయి. అందుచేత ఒక కిలో పెద్ద కీచురాళ్ళలో కాల్షియం సుమారు 0.4 గ్రాములే ఉంటుంది. భాస్వరం మాత్రం దాదాపు 3 గ్రాములుంటుంది. అంటే కాల్షియం ఒక వంతయితే భాస్వరం ఏడు వంతులు. పొట్టుపురుగుల్లో ఇంకా అన్యాయం. కిలోకు కాల్షియం 0.17 గ్రాములు, భాస్వరం 2.85 గ్రాములు. 2.85ను 0.17తో భాగించి చూడండి. ఒకటికి పదిహేడు!

ఇలాంటి తిండి రోజూ తింటే ఏమవుతుంది? రక్తంలో కాల్షియం ఒక స్థాయికి తగ్గకూడదు. తగ్గితే కండరాలు, నరాలు సరిగా పనిచేయవు, గుండె కూడా ఒక కండరమే కదా. కనుక కాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఆ హార్మోను ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించి రక్తానికి అందిస్తుంది. గుండెను నడపడానికి ఎముకలను అప్పు అడగడం వంటిది ఇది. తిండిలో కాల్షియం వస్తే అప్పు తీరుతుంది. రాకపోతే అప్పు పెరుగుతూనే ఉంటుంది. మొదట దవడ మెత్తబడి రబ్బరులా వంగుతుంది. తరువాత కాళ్ళు వంకరపోతాయి, వెన్ను గూనిపడుతుంది, ఒళ్ళు వణుకుతుంది, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. చిన్నపిల్లల్లో వచ్చే రికెట్స్ వ్యాధికి ఇది దగ్గరి చుట్టం. ఎదిగే వయసులో ఉన్న పిల్ల సరీసృపాలకు, గుడ్లు పెట్టే ఆడవాటికి ఈ ప్రమాదం ఎక్కువ.

చూశారా? బల్లి ఆకలితో చావడం లేదు. రోజూ తింటూనే చిక్కుల్లో పడింది. లోపం బల్లి తిన్న తిండిలో లేనిదాంట్లో ఉంది.

పురుగు ఒక చిన్న సంచి

దీనికి ఉపాయం ఏమిటి? బల్లికి మాత్ర మింగించలేము. కాని పురుగు పొట్టలో మాత్ర పెట్టవచ్చు! బల్లి పురుగును నమలకుండా దాదాపు మొత్తంగా మింగుతుంది. పురుగు పేగులో ఏముంటే అదీ బల్లి కడుపులోకి పోతుంది. అందుచేత బల్లికి వేయబోయే ముందు పురుగుకు కాల్షియం ఎక్కువగా ఉన్న మేత పెట్టి దాని పొట్ట నింపుతారు. పురుగు శరీరం మారదు, దాని పొట్టలోని మూట మారుతుంది.

1989లో అమెరికాలో మేరీ అలెన్, ఓలవ్ ఆఫ్టెడాల్ అనే పోషణ శాస్త్రవేత్తలు దీనిమీద చేసిన పరిశోధనను ప్రకటించారు. మేతలో కాల్షియం సుమారు 8 శాతం ఉండి, దాన్ని రెండు రోజులపాటు తిన్న కీచురాళ్ళలో కాల్షియం దాదాపు భాస్వరంతో సమానమవుతుందని తేలింది. మామూలు ధాన్యపు మేత ఎన్ని రోజులు పెట్టినా ఈ పని జరగదు.

ఇప్పుడొక లెక్క. 100 గ్రాముల మేతలో 8 గ్రాముల కాల్షియం ఉండాలంటే ఎంత కాల్షియం కార్బొనేట్ కలపాలి? కాల్షియం పరమాణు భారం 40, కార్బన్‌ది 12, ఆక్సిజన్‌ది 16. కాల్షియం కార్బొనేట్‌లో ఆక్సిజన్ పరమాణువులు మూడు. కనుక మొత్తం 40 + 12 + 48 = 100. అంటే 100 గ్రాముల్లో 40 గ్రాములు కాల్షియం. 8 గ్రాముల కాల్షియం కోసం 20 గ్రాములు కావాలి. మిగిలిన 80 గ్రాములు పొట్టు, పప్పుల పొడి, ఆకుల పొడి వంటివి. కోడిగుడ్డు పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. మందుల దుకాణాల్లో సముద్రపు నురుగు అనే పేరుతో అమ్మే తెల్లని పలక నిజానికి నురుగు కాదు. అది ఒక సముద్రజీవి లోపలి పెంకు. అదీ ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. బడిలో వాడే సుద్దముక్క మాత్రం పనికిరాదు. అది చాలావరకు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్.

ఈ పద్ధతిలో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, ఈ మేత కీచురాయికి మంచిది కాదు. బల్లికి వేసే ముందు ఒకటి రెండు రోజులు మాత్రమే పెట్టాలి. వారాల తరబడి ఇదే పెడితే కీచురాళ్ళు చచ్చిపోతాయి. కనుక పెంచే పెట్టె వేరు, పొట్ట నింపే పెట్టె వేరు. రెండు, పొట్ట నిండిన పురుగును వెంటనే వేయాలి. ఒక రోజు ఆలస్యమైతే అది తిన్నదంతా విసర్జిస్తుంది, సంచి ఖాళీ అవుతుంది. దుకాణంనుంచి వచ్చిన కీచురాళ్ళు దారిలో ఆకలితో ఉండి ఉంటాయి. వాటిని అలాగే బల్లికి వేస్తే ఖాళీ సంచిని వేసినట్టే.

మరో పద్ధతి కూడా వాడతారు. పురుగులను సన్నని కాల్షియం పొడిలో వేసి కుదుపుతారు. పొడి ఒంటికి అంటుకుంటుంది. కాని కీచురాయి శుభ్రమైన పురుగు. కొద్దిసేపట్లోనే ఒళ్ళు దులుపుకుంటుంది. కనుక బల్లి ఆకలితో ఉన్నప్పుడే వేయాలి.

ఎండ కూడా తిండే

కాల్షియం కడుపులోకి పోతే చాలదు. పేగులోంచి రక్తంలోకి పోవాలంటే డి విటమిన్ కావాలి. పగలు తిరిగే సరీసృపాలు దీన్ని చాలావరకు ఎండలోనే తయారుచేసుకుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం కలవి చర్మంలోని ఒక కొవ్వుపదార్థాన్ని డి విటమిన్‌గా మార్చే పని మొదలుపెడతాయి. పొద్దున్నే తొండ కంచె మీద ఎండ కాచుకోవడం ఒంట్లో వేడి కోసమే కాదన్నమాట.

ఇక్కడ చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వెలుగునిస్తుంది, వేడినిస్తుంది. కాని ఈ కిరణాలను మామూలు అద్దం ఆపేస్తుంది. అందుకే విదేశాల్లో గాజు పెట్టెల్లో పెంచేవాళ్ళు ఆ కిరణాలనిచ్చే ప్రత్యేకమైన దీపాలు వాడతారు. ఆ దీపం కొన్ని నెలల తరువాత చూడడానికి అంతే వెలుగుతున్నా, కిరణాల శక్తి మాత్రం తగ్గిపోతుంది. మన కన్ను దాన్ని పట్టలేదు.

పొట్టుపురుగుల ఇల్లు

కీచురాళ్ళ కంటె పొట్టుపురుగులను పెంచడం తేలిక. అరవవు, ఎగరవు, కంపు తక్కువ. ఒక వెడల్పు పళ్ళెంలో మూడు నాలుగు అంగుళాల ఎత్తున గోధుమ పొట్టు పోస్తే అదే ఇల్లు, అదే తిండి. నీటికోసం పైన రెండు క్యారెట్ ముక్కలు చాలు. పొడి పొట్టులో కూడా ఇవి బతకగలవు. తిన్న పిండిపదార్థం, కొవ్వు శరీరంలో ఆక్సీకరణం చెందినప్పుడు నీరు పుడుతుంది. ఆ నీటిని అవి పొదుపుగా వాడుకుంటాయి. క్యారెట్ ఉంటే మాత్రం త్వరగా పెరుగుతాయి.

సంపూర్ణ రూపవిక్రియ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోండి. డింభకం ప్యూపాగా మారినప్పుడు అది తినదు, నడవదు, తనను తాను కాపాడుకోలేదు. పక్కనున్న డింభకాలు దాన్ని కొరికి తింటాయి. పెంకుపురుగులేమో తమ గుడ్లనే తింటాయి. కనుక తెలివైన పెంపకందారు మూడు పళ్ళాలు పెడతాడు. ఒకటి డింభకాలకు, ఒకటి ప్యూపాలకు, ఒకటి పెంకుపురుగులకు. గుడ్లు పెట్టేందుకు రెండు వారాలు గడువిచ్చి, పెంకుపురుగులను జల్లెడ పట్టి కొత్త పళ్ళెంలోకి మారుస్తాడు.

వీటిని ఆపి ఉంచవచ్చు కూడా. 10 డిగ్రీలకు దగ్గరగా ఉన్న చలిలో పెడితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. వారానికొకసారి బయటికి తీసి, వెచ్చబడ్డాక తిండి పెట్టి మళ్ళీ లోపల పెడతారు. కీచురాళ్ళ విషయంలో ఈ పని చేస్తే చచ్చిపోతాయి. ఒక పురుగుకు మందైనది మరొకదానికి విషం.

అయితే పొట్టుపురుగులో కొవ్వు ఎక్కువ, కాల్షియం మరీ తక్కువ. రోజూ అదే పెట్టకూడదు. మార్చి మార్చి పెట్టాలి.

పురుగులకూ అంటువ్యాధులు

2009, 2010 సంవత్సరాల్లో ఉత్తర అమెరికాలోని కీచురాళ్ళ ఫారాల్లో గొప్ప ఉపద్రవం వచ్చింది. లక్షలు, కోట్ల సంఖ్యలో కీచురాళ్ళు వెల్లకిలా పడి, కాళ్ళు ఆడించలేక చచ్చిపోయాయి. కారణం డెన్సోవైరస్ అనే ఒక అతి చిన్న వైరస్. ఈ వ్యాధిని యూరప్‌లో 1977లోనే గుర్తించారు. ఇది ఇంట్లో పెంచే రకం కీచురాయికే గాని బల్లులకు, మనుషులకు సోకదు. కాని కీచురాళ్ళు లేకపోతే వాటిమీద ఆధారపడ్డ బల్లుల గతేమిటి? కొన్ని ఫారాలు మూతపడ్డాయి. మిగిలినవాళ్ళు ఈ వైరస్‌ను తట్టుకునే ఇతర జాతులకోసం వెతికారు. అలా వాడుకలోకి వచ్చినవాటిలో ఒకదానికి ఆంగ్లంలో 'భారతదేశపు ఇంటి కీచురాయి' అని కూడా పేరుంది. మన వంటిళ్ళలో అరిచే ఆ చారల పురుగు అలా సముద్రాలు దాటి ఉపయోగపడింది.

పురుగుల జబ్బులమీద పరిశోధన కొత్తది కాదు. 1865లో ఫ్రాన్సు దేశంలో పట్టుపురుగులు ఊళ్ళకు ఊళ్ళే చచ్చిపోతుంటే లూయీ పాశ్చర్‌ను పిలిచారు. ఆ జబ్బు తల్లి సీతాకోకనుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వస్తున్నదని ఆయన రుజువు చేశాడు. గుడ్లు పెట్టిన తల్లిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, జబ్బు ఉంటే ఆ గుడ్లను పారేయమన్నాడు. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో పట్టుపురుగులు పెంచే ఇళ్ళకు చేరే గుడ్లు కూడా తల్లి సీతాకోకలకు ఆ పరీక్ష చేసి తయారుచేసేవే. పట్టు కోసమైనా, బల్లి మేతకోసమైనా సూత్రం ఒకటే. కొత్తగా తెచ్చిన పురుగులను పాతవాటితో వెంటనే కలపకూడదు. చచ్చినవాటిని రోజూ ఏరివేయాలి. పెట్టెలను కడిగి ఎండబెట్టాలి. ఒకే పెట్టెలో అన్నిటినీ ఉంచకుండా రెండు మూడు పెట్టెల్లో విడదీసి ఉంచాలి. ఒకటి పోయినా మరొకటి మిగులుతుంది.

తోటలో దొరికేవి వద్దు

ఇంత శ్రమ ఎందుకు, తోటలో మిడతలను పట్టి వేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. పురుగుమందు చల్లిన పొలంలోని మిడత ఒంట్లో ఆ మందు ఉంటుంది. మిడతను వెంటనే చంపని మోతాదు కూడా, వాటిని రోజూ తినే బల్లిలో పేరుకోవచ్చు. అంతకంటె ఆశ్చర్యం మిణుగురు సంగతి. కొన్ని అమెరికన్ మిణుగురుల్లో కప్పల విషాన్ని పోలిన పదార్థం ఉంది. మిణుగురులను తిన్న గడ్డపు తొండలు చనిపోయిన సంఘటనలను 1999లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆస్ట్రేలియాలో ఆ మిణుగురులు లేవు. అందుచేత వాటిని చూసి దూరంగా ఉండాలన్న తెలివి గడ్డపు తొండకు తరతరాల్లోనూ అబ్బలేదు.

ఇంకో మాట. తినగా మిగిలిన కీచురాళ్ళను బల్లి పెట్టెలో రాత్రంతా వదలకూడదు. ఆకలేస్తే అవి నిద్రపోతున్న బల్లినే కొరుకుతాయి! పురుగు పరిమాణం కూడా చూడాలి. బల్లి రెండు కళ్ళ మధ్య దూరం కంటె పెద్ద పురుగును వేయకూడదని పెంపకందారుల వాడుక. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు.

మరి మనం పెంచవచ్చా?

ఇదంతా చదివి వెంటనే ఒక ఉడుమునో, నక్షత్ర తాబేలునో తెచ్చుకుందామనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, కొనడం, ఇంట్లో ఉంచడం నేరం. 2022లో చేసిన సవరణతో అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న విదేశీ జాతులకు కూడా నమోదు నియమాలు వచ్చాయి. చట్టం సంగతి అటుంచి, ఒక బల్లిని సరిగా పెంచడానికి ఎంత తెలియాలో ఇప్పుడు మీకు తెలిసింది. బయట దానికి పది రకాల పురుగులు, ఎండ, వాన అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. మన తూర్పు కనుమల్లో చిరుత బల్లికి దగ్గరి బంధువొకటి ఉంది. విషజంతువనుకొని దాన్ని చంపేవాళ్ళున్నారు. దానికి విషం లేనే లేదు. కనిపిస్తే వదిలేయండి, మరొకరికి చెప్పండి.

మీరు చేసి చూడండి

పురుగుల పెంపకం నేర్చుకోవడానికి బల్లి అక్కర్లేదు. పాత గోధుమపిండిలో తిరిగే చిన్న ఎర్రని పెంకుపురుగులు చాలు. పొట్టుపురుగుకు ఇవి చిన్న తమ్ముళ్ళు.

మూడు గాజు సీసాలు తీసుకోండి. ఒక్కొక్క దాంట్లో 100 గ్రాముల గోధుమపిండి పోయండి. మొదటి రెండు సీసాల్లో 10 చొప్పున, మూడోదాంట్లో 100 పెంకుపురుగులు వేయండి. మూతులకు పలుచని గుడ్డ కట్టండి. మొదటిదాన్ని, మూడోదాన్ని ఇంట్లో వెచ్చని చోట పక్కపక్కనే పెట్టండి. రెండోదాన్ని మంచినీళ్ళ కుండ పక్కన చల్లని చోట పెట్టండి. చలికాలంలో చేస్తే తేడా బాగా తెలుస్తుంది. రెండేసి వారాలకు ఒకసారి పిండిని జల్లించి డింభకాలను, ప్యూపాలను, పెంకుపురుగులను విడివిడిగా లెక్కపెట్టి మళ్ళీ సీసాలో వేయండి. రెండు నెలలు ఇలా రాయండి.

మొదటి రెండు సీసాల అంకెలు పోల్చితే వేడి చేసే పని తెలుస్తుంది. మొదటిదాన్నీ మూడోదాన్నీ పోల్చేటప్పుడు మాత్రం ఒక్కొక్క పెంకుపురుగుకు ఎన్ని పిల్లలు పెరిగాయో భాగించి చూడాలి. ఇరుకు చేసే నష్టం ఆ భాగహారంలో కనిపిస్తుంది. మూడో సీసా పిండి త్వరగా వాసన వేసి, రంగు కూడా మారవచ్చు. ఆ పురుగులు వదిలే రసాయనాలే దానికి కారణం. ప్రయోగం ముగిశాక పిండిని మరుగుతున్న నీళ్ళలో పోసి పారేయండి. మరిచిపోయి వంటింట్లో వదిలారంటే, రెండు నెలల తరువాత అమ్మ మీకు మరో లెక్క చెప్పవలసి వస్తుంది!